ఇన్సూరెన్స్ ద్వారా బ్రెస్ట్ పంపు: అమెరికాలో ఉన్న తెలుగు తల్లులకు సమగ్ర మార్గదర్శి

మొదటి కాన్పుకి మేం చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. 2018లో పాప పుట్టిన ఐదో రోజు సాయంత్రం. రొమ్ములు రాళ్లలా బిగుసుకుపోయాయి, పాప నోటికి పట్టక ఒకటే ఏడుపు. షాపు మూసే వేళకి మావారు పరుగెత్తి ఎలక్ట్రిక్ పంపు కొనుక్కొచ్చారు. బిల్లు ఉంది కదా, ఇన్సూరెన్స్‌కి పెడితే డబ్బులు వెనక్కి వస్తాయనుకున్నాం. ఆరు వారాలకి ఉత్తరం వచ్చింది. ఆ షాపు మా ప్లాన్ నెట్‌వర్క్‌లో (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ల జాబితాలో) లేదట, అందుకని ఇచ్చేది సున్నా.

నిజానికి నేను డెలివరీకి ముందే ఫోన్ చేసి, "బ్రెస్ట్ పంపు కవర్ అవుతుందా?" అని అడిగాను. "అవుతుంది" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. నేనే సగం ప్రశ్న అడిగి ఫోన్ పెట్టేశాను.

2023లో రెండో కాన్పుకి అదే పని ఒక ఫోను, ఒక ప్రిస్క్రిప్షన్‌తో అయిపోయింది. డబ్బు కట్టలేదు. పంపు మాత్రం మొదటిదానికన్నా మంచిది వచ్చింది. ఈ రెండింటికీ మధ్య నేను నేర్చుకున్నదంతా కింద వరసగా రాస్తున్నాను. ఇది అమెరికాలో, అక్కడి ఇన్సూరెన్స్‌తో కాన్పు అవుతున్నవాళ్లకు మాత్రమే పనికొస్తుంది.

ముందు చట్టం సంగతి

2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ (అందరూ ఒబామాకేర్ అనేది దీన్నే) కొన్ని సేవలను "ప్రివెంటివ్" (నివారణ సేవలు) అని విడిగా పెట్టింది. వాటికి కోపే (ప్రతిసారీ మనం కట్టే వాటా) ఉండకూడదు, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) ఉండకూడదు. ఆ జాబితాలో మహిళలకు ఏమేం ఉండాలో నిర్ణయించేది హెచ్‌ఆర్‌ఎస్‌ఏ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. పాలు పట్టడానికి కావలసిన సలహా, పరికరాలు అందులో చేరాయి. 2012 ఆగస్టు 1 తర్వాత మొదలైన ప్లాన్ సంవత్సరాల నుంచి ఇది అమల్లో ఉంది.

ఇక్కడ చాలామందికి తెలియని మార్పు ఒకటుంది. మొదట్లో నిబంధనలో "పరికరాలు" అని మాత్రమే ఉండేది. దాంతో కొన్ని ప్లాన్లు చేత్తో నొక్కే మాన్యువల్ పంపు చేతిలో పెట్టి, "ఇది పనిచేయకపోతే అప్పుడు ఎలక్ట్రిక్‌ది చూద్దాం" అనేవి. 2021 డిసెంబరులో హెచ్‌ఆర్‌ఎస్‌ఏ ఆ మాటలు మార్చింది. రెండువైపులా ఒకేసారి పాలు తీసే డబుల్ ఎలక్ట్రిక్ పంపుకి ప్రాధాన్యం ఇవ్వాలని, మాన్యువల్ పంపు విఫలమైతేనే ఇస్తామని షరతు పెట్టకూడదని, పాలు నిల్వ చేసే సరంజామా కూడా ఇందులో భాగమేనని స్పష్టంగా రాసింది. 2023లో మొదలైన ప్లాన్ సంవత్సరాల నుంచి ఇది వర్తిస్తుంది. ఇప్పుడు మీతో ఎవరైనా "ముందు మాన్యువల్ వాడి చూడండి" అంటే, వాళ్ల దగ్గరున్నది పాత కాగితం.

అలాగని ప్లాన్‌కి చేతులు పూర్తిగా కట్టేయలేదు. కొత్తది ఇవ్వాలా, అద్దెకి ఇవ్వాలా, ఏ మోడల్, ఎవరి దగ్గర తీసుకోవాలి, డెలివరీకి ముందా తర్వాతా అన్నవి ప్లాన్ తేల్చుకోవచ్చు. అవస్థంతా ఈ నాలుగైదు విషయాల దగ్గరే వస్తుంది.

వీసా గురించి ఒక మాట. భర్త ఉద్యోగం మీద వచ్చిన ఇన్సూరెన్స్‌లో డిపెండెంట్‌గా ఉన్న హెచ్4 భార్యకూ ఇదే హక్కు ఉంటుంది. ఇన్సూరెన్స్ ఎవరి పేరున ఉందన్నది కూడా అడ్డు కాదు. చూడవలసింది అది ఎలాంటి ప్లాన్ అన్నది.

ఒకటో మెట్టు: మీ ప్లాన్ ఏ రకమో చూసుకోండి

ఉద్యోగం ద్వారా వచ్చే ప్లాన్లు, మార్కెట్‌ప్లేస్‌లో (ఒబామాకేర్ ప్లాన్లు అమ్మే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో) కొనుక్కున్నవి దాదాపు అన్నీ ఈ చట్టం కిందికి వస్తాయి. రానివి ఇవి. 2010 మార్చి 23కి ముందు నుంచీ పెద్దగా మార్పుల్లేకుండా నడుస్తున్న "గ్రాండ్‌ఫాదర్డ్" ప్లాన్లు. షార్ట్ టర్మ్ ప్లాన్లు. విజిటర్ ఇన్సూరెన్స్. చర్చిల వంటివి నడిపే హెల్త్ షేరింగ్ పథకాలు. ఎఫ్1, ఎఫ్2, జె1 మీద ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా ఇచ్చే స్టూడెంట్ ప్లాన్ అయితే సాధారణంగా వర్తిస్తుంది. చవగ్గా వస్తుందని ఆన్‌లైన్‌లో విడిగా కొన్నదైతే చాలాసార్లు వర్తించదు.

కనుక్కోవడానికి తేలిక దారి, "సమ్మరీ ఆఫ్ బెనిఫిట్స్ అండ్ కవరేజ్" అనే పత్రం. మీ ప్లాన్ పోర్టల్‌లో పీడీఎఫ్ ఉంటుంది. గ్రాండ్‌ఫాదర్డ్ ప్లాన్ అయితే ఆ సంగతి ప్లాన్ కాగితాల్లో వాళ్లే చెప్పి తీరాలి.

ఇంకొకటి కూడా ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. మీ కంపెనీ ప్లాన్ "సెల్ఫ్ ఫండెడా, ఫుల్లీ ఇన్సూర్డా?" అని హెచ్‌ఆర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి. సెల్ఫ్ ఫండెడ్ అంటే కార్డు మీద పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ పేరున్నా డబ్బు కట్టేది మీ యజమానే, ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలు చూస్తుందంతే. పెద్ద కంపెనీల్లో ఎక్కువగా ఇదే పద్ధతి. రేపు తగాదా వస్తే ఫిర్యాదు ఎవరి దగ్గరికి వెళ్లాలో దీన్నిబట్టే ఉంటుంది.

భార్యాభర్తలిద్దరికీ చెరో ఇన్సూరెన్స్ ఉండి, మీరు రెండింట్లోనూ ఉంటే, మీ సొంత ఉద్యోగానిదే మొదటిది. రెండో ప్లాన్ ఉందని మొదటివాళ్లకి ముందే చెప్పండి. లేదంటే క్లెయిమ్ వెళ్లిన తర్వాత ఒక ప్రశ్నాపత్రం పంపి, దానికి జవాబొచ్చేదాకా అన్నీ ఆపేస్తారు.

రెండో మెట్టు: ఎప్పుడు మొదలుపెట్టాలి

నా లెక్క ప్రకారం 28వ వారం. డ్యూ డేట్‌కి నెల ముందు వరకూ పంపు పంపించం అనే ప్లాన్లు చాలా ఉన్నాయి, డెలివరీ అయ్యాకే అనేవీ ఉన్నాయి. కానీ ఫోన్లు, ప్రిస్క్రిప్షన్, ఆర్డర్ అన్నీ ముందే సిద్ధం చేసుకోవచ్చు. గడువు రాగానే పెట్టె కదులుతుంది. పురిటి మంచం మీద కూర్చుని హోల్డ్ మ్యూజిక్ వినే ఓపిక ఎవరికీ ఉండదు, నన్ను నమ్మండి.

డెలివరీ అయిపోయినవాళ్లు కంగారుపడక్కర్లేదు. ప్లాన్‌లో కొనసాగుతున్నంత కాలం, పాలిస్తున్నంత కాలం ఈ కవరేజ్ ఉంటుందని కేంద్ర ప్రభుత్వ శాఖలు 2015లో వివరణ ఇచ్చాయి. "డెలివరీ అయిన ఆరు నెలల్లోపే తీసుకోవాలి" లాంటి గడువులు చెల్లవు.

లేఆఫ్ భయం ఉన్నవాళ్లు మాత్రం తొందరపడాలి. ఉద్యోగం పోతే కొన్ని కంపెనీల్లో ఇన్సూరెన్స్ ఆ రోజుతోనే, కొన్నిట్లో ఆ నెలాఖరుతో ఆగిపోతుంది. కోబ్రా (ఉద్యోగం పోయాక అదే ప్లాన్‌ని సొంత డబ్బుతో కొనసాగించుకునే పద్ధతి) తీసుకోవడానికి 60 రోజులు టైమిస్తారు, తీసుకుంటే ఆగిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. కానీ ప్రీమియం మొత్తం మీ జేబులోంచే పోతుంది. కాబట్టి ప్లాన్ డెలివరీకి ముందే పంపు ఇస్తానంటే, ముందే తెచ్చుకోండి.

మూడో మెట్టు: ఫోన్ కాల్

ఇదే అసలు పని. కార్డు వెనక "మెంబర్ సర్వీసెస్" నంబరు ఉంటుంది. కార్డు, పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుని చేయండి.

ఎవరు చేయాలి? పంపు కావలసిన తల్లే చేస్తే మంచిది. పాలసీ తన పేరునే ఉంది కదా అని మావారు ఒకసారి చేశారు. "పేషెంట్ మీరు కాదు కాబట్టి వివరాలు చెప్పలేం, ఆవిడని లైన్లోకి రమ్మనండి" అన్నారు. ప్రైవసీ నిబంధనలు అలాగే ఉంటాయి. వాళ్ల ఇంగ్లిష్ వేగం అందుకోలేకపోతే ఇబ్బందిపడకండి, "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అంటే చాలు. చాలా కంపెనీలు మూడో మనిషిని లైన్లో కలుపుతాయి, దానికి చార్జీ ఉండదు. మా అత్తయ్య ఆరోగ్యం విషయంలో ఈ సదుపాయం వాడుకున్నాక, నాకోసం కూడా మొదటిసారే వాడుకుని ఉంటే బాగుండేదనిపించింది.

రెండోసారి నా ఫోన్ ఇలా నడిచింది. ఎత్తినావిడ కంప్యూటర్‌లో చూసి, "మెడికల్ ఎక్విప్‌మెంట్‌కి మీ డిడక్టబుల్ అయ్యాక 20 శాతం మీరు కట్టాలి" అంది. 2018లో అయితే "ఓహో, అలాగా" అని పెట్టేసేదాన్నే. ఈసారి, "అక్కడ కాదండీ, ప్రివెంటివ్ సర్వీసెస్‌లో బ్రెస్ట్‌ఫీడింగ్ సప్లైస్ అని ఉంటుంది, దాని కింద చూడండి" అన్నాను. కాసేపు హోల్డ్. తిరిగొచ్చి, "అవునండీ, నూరు శాతం కవర్ అవుతుంది, ఇన్-నెట్‌వర్క్ సప్లయర్ దగ్గర తీసుకుంటే" అంది.

ఒకే పంపు, ఒకే ప్లాన్. వేరే పేజీ తెరిచేసరికి జవాబు మారిపోయింది. చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ మెషిన్ల జాబితాలో చూస్తే పంపుకి డిడక్టబుల్ కనిపిస్తుంది. అందుకే "ప్రివెంటివ్" అనే మాట మీ నోటి నుంచే రావాలి.

అడగవలసిన ప్రశ్నలు ఇవి. జవాబులు కాగితం మీద పెట్టండి.

1. డబుల్ ఎలక్ట్రిక్ పంపు, కోడ్ ఈ0603, ప్రివెంటివ్ కింద నాకు సున్నా ఖర్చుతో వస్తుందా? (మాన్యువల్ పంపు కోడ్ ఈ0602, హాస్పిటల్ గ్రేడ్‌ది ఈ0604. కోడ్ చెబితే అవతలివాళ్ల గొంతులోనే మార్పు తెలుస్తుంది.)

2. కొత్తదా, అద్దెదా?

3. ఇన్-నెట్‌వర్క్‌లో ఉన్న సప్లయర్లు ఎవరు? కనీసం రెండు మూడు పేర్లు చెప్పమనండి. నేను 2018లో అడగనిది ఈ ప్రశ్నే.

4. షాపులోనో ఆన్‌లైన్‌లోనో నేనే కొని బిల్లు పెడితే ఇస్తారా, ఎంతవరకు ఇస్తారు? ఎక్కువ ప్లాన్లు ఇవ్వం అంటాయి, కొన్ని ఒక పరిమితి వరకు ఇస్తాయి.

5. డ్యూ డేట్‌కి ఎన్ని రోజుల ముందు పంపుతారు?

6. ప్రతి కాన్పుకీ ఒకటా, ఇన్నేళ్లకి ఒకటి అనే లెక్కా? రెండో బిడ్డ అయితే ఇది తప్పనిసరిగా అడగండి.

7. ముందస్తు అనుమతి కావాలా, ప్రిస్క్రిప్షన్ ఒక్కటే చాలా?

8. ట్యూబులు, వాల్వులు, పాలు నిల్వ చేసే సంచులు వస్తాయా? ఎన్నాళ్లకోసారి?

పెట్టేసే ముందు ఆ మనిషి పేరు, తేదీ, "కాల్ రిఫరెన్స్ నంబర్" రాసుకోండి. నంబరు అడిగితే ఇస్తారు, అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. వీలైతే అదే ప్రశ్న పోర్టల్‌లో మెసేజ్‌గా కూడా పెట్టండి. నోటిమాటకన్నా రాతమాటకే తర్వాత విలువ.

నాలుగో మెట్టు: ప్రిస్క్రిప్షన్, మన పేర్ల గొడవ

ప్రిస్క్రిప్షన్ మీ ఓబీ (కాన్పుల డాక్టరు) గానీ, మిడ్‌వైఫ్ గానీ రాస్తారు. డెలివరీ తర్వాత అయితే పిల్లల డాక్టరు రాసినా కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. సప్లయర్‌కి ఆర్డర్ పెడితే వాళ్లే డాక్టర్ ఆఫీసుకి ఫ్యాక్స్ పంపి తెప్పించుకుంటారు కూడా. ఆ ఫ్యాక్స్ ఎవరి బల్ల మీదో పడుంటే మాత్రం రోజులు గడిచిపోతాయి. అపాయింట్‌మెంట్‌కి వెళ్లినప్పుడు నర్సుని అడిగి చేతికి తీసుకోవడమే మేలు.

అందులో ఉండాల్సినవి: మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, "డబుల్ ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంప్" అనే స్పష్టమైన మాట, డ్యూ డేట్ లేదా డెలివరీ తేదీ, డాక్టర్ సంతకం, ఎన్‌పీఐ నంబరు (డాక్టరు గుర్తింపు సంఖ్య), డయాగ్నసిస్ కోడ్. పాలిచ్చే తల్లి సంరక్షణకి వాడే కోడ్ జెడ్39.1. ఉత్తి "బ్రెస్ట్ పంప్" అని రాస్తే మాన్యువల్‌ది పంపే అవకాశం వాళ్లకి మనమే ఇచ్చినట్టు.

ఇప్పుడు పేర్ల సంగతి. మన ఇంటిపేరు ఒకచోట ముందు ఉంటుంది, ఒకచోట వెనక ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినవాళ్లకి వీసాలో ఫస్ట్ నేమ్ దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని అచ్చవుతుంది. పెళ్లి తర్వాత కొన్ని కాగితాల్లో భర్త ఇంటిపేరు, కొన్నిట్లో పుట్టింటి పేరు. లక్ష్మీ వెంకట సాయి ఫలానా అన్న పేరు డాక్టర్ ఆఫీసులో "సాయి" అయిపోతుంది. దీనికి తోడు సర్టిఫికెట్ పుట్టినరోజు ఒకటి, అసలు పుట్టినరోజు ఒకటి ఉన్న ఇళ్లు మనలో ఎన్ని లేవు! రిసెప్షన్‌లో పొరపాటున అసలుది చెప్పామంటే అయిపోయినట్టే. కంప్యూటర్‌కి ఇవన్నీ వేర్వేరు మనుషులు. "మెంబర్ నాట్ ఫౌండ్" అని క్లెయిమ్ తిరిగొస్తుంది.

ఒకటే సూత్రం. ఇన్సూరెన్స్ కార్డు మీద పేరు అక్షరాలా ఎలా ఉందో, ప్రిస్క్రిప్షన్ మీదా, సప్లయర్ ఫారం మీదా అలాగే ఉండాలి. తప్పుగా ఉన్నా సరే, అదే తప్పు అన్నిచోట్లా ఉండనివ్వండి. సరిచేయించుకోవడం తర్వాత చూసుకోవచ్చు. ఆర్డర్ మధ్యలో మాత్రం వద్దు.

ఐదో మెట్టు: సప్లయర్, పంపు ఎంపిక

ఈ పంపులు ఇచ్చేవాళ్లని డీఎంఈ (వైద్య పరికరాల) సప్లయర్లు అంటారు. ఏరోఫ్లో, ఎడ్జ్‌పార్క్, బైరామ్ లాంటి పెద్దవి దేశమంతా పంపుతాయి. వెబ్‌సైట్‌లో మీ ఇన్సూరెన్స్ వివరాలు నింపితే మీకు ఏయే పంపులు వస్తాయో చూపిస్తాయి. ఒకే ప్లాన్‌కి ఇద్దరు సప్లయర్లు వేర్వేరు మోడళ్లు చూపించడం మామూలే, అందుకే రెండుచోట్ల నింపి పోల్చుకోండి. ఆర్డర్ ఖాయం చేసేది మాత్రం ఒకచోటే. రెండుచోట్ల నుంచీ క్లెయిమ్ వెళితే రెండోది తిరస్కరిస్తారు, ఆ బిల్లు మీ నెత్తిన పడుతుంది.

తెరమీద కొన్ని పంపుల పక్కన "పూర్తిగా కవర్డ్" అని, కొన్నిటి పక్కన "అప్‌గ్రేడ్" అని ఉంటుంది. అప్‌గ్రేడ్ అంటే ప్లాన్ ఇచ్చేదానికి పైన మీరు కొంత కట్టాలి. దీన్ని మోసం అనుకోనక్కర్లేదు, కానీ అవసరమా అని ఒకసారి ఆలోచించండి. ఉదాహరణకి స్పెక్ట్రా ఎస్1, ఎస్2 రెండింటి పనితనం ఒకటే. ఎస్1లో చార్జయ్యే బ్యాటరీ ఉంటుంది, ఎస్2ని గోడకి ప్లగ్ పెట్టాలి. ఇంట్లోనే ఉండేవాళ్లకి ఎస్2 హాయిగా సరిపోతుంది. ఆఫీసుకి మోసుకెళ్లేవాళ్లకి బ్యాటరీ విలువ తెలుస్తుంది.

బట్టల లోపల పెట్టుకునే వేరబుల్ పంపుల మీద అందరికీ మోజు. నాకూ ఉండేది. నా అభిప్రాయం అడిగితే, అది రెండో పంపుగా బాగుంటుంది. మొదటి వారాల్లో పాలు బాగా పడాలంటే మామూలు మోటారు పంపే నమ్మకం.

ఫ్రెండు పంపు ఇస్తానంటే? మన సర్కిల్స్‌లో క్రిబ్, స్ట్రోలర్, బట్టలు చేతులు మారుతూనే ఉంటాయి, మంచిదే. కానీ ఇంట్లో వాడే పంపులు ఒక్కరి వాడకానికే తయారుచేసినవి, ఒకరిది ఒకరు వాడొద్దని ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) చెబుతోంది. ట్యూబులు మార్చినా లోపలికి చేరిన తేమని కడగలేం. కొత్తది ఉచితంగా వచ్చేటప్పుడు పాతదానితో పనేముంది?

పెట్టెలో వచ్చే ఫ్లాంజ్ (రొమ్ముకి ఆనించే గరాటులాంటి భాగం) చాలా పంపులకి 24 మిల్లీమీటర్లది. అందరికీ అది సరిపోదు. నొప్పి పుడుతుంటే పంపు మంచిది కాదని తేల్చేయకండి, ముందు సైజు చూడండి. నాకు 21 కావలసి వచ్చింది. ఆ సంగతి తెలియక మొదటిసారి రెండు నెలలు పళ్లబిగువున భరించాను.

ఆరో మెట్టు: పెట్టె వచ్చాక

పెట్టె మీద మోడల్ చూసి మీరు అడిగినదేనని తేలాకే తెరవండి. వాడిన పంపుని తిరిగి తీసుకోరు. స్విచ్ వేసి మోటారు పనిచేస్తోందో లేదో డెలివరీకి ముందే చూసుకోండి.

కొన్ని వారాలకి ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ (క్లెయిమ్‌లో వాళ్లు ఎంత కట్టారో, మీ వాటా ఎంతో చెప్పే కాగితం) వస్తుంది. దాని మీద "దిస్ ఈజ్ నాట్ ఎ బిల్" అని ఉంటుంది, కంగారుపడకండి. చూడాల్సింది "పేషెంట్ రెస్పాన్సిబిలిటీ" గడి. అక్కడ సున్నా ఉంటే ఈఓబీని ఫైల్లో పెట్టేయండి. సున్నా కాకపోతే తిరస్కరణ గురించి కింద రాసిన భాగం మీకోసమే.

బిడ్డ నెలలు నిండకుండా పుడితే

ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) బిడ్డ ఉండి నేరుగా పాలు తాగలేనప్పుడు హాస్పిటల్ గ్రేడ్ పంపు అవసరం అవుతుంది. మెడెలా సింఫనీ లాంటివి. వీటిని ఎక్కువగా అద్దెకే ఇస్తారు. కోడ్ ఈ0604. దీనికి మామూలు ప్రిస్క్రిప్షన్ చాలకపోవచ్చు. బిడ్డ ఎన్ని వారాలకి పుట్టింది, ఎందుకు తాగలేకపోతోంది, ఎన్నాళ్లు కావాలి అని డాక్టర్ రాసిన "లెటర్ ఆఫ్ మెడికల్ నెసెసిటీ" అడుగుతారు. హాస్పిటల్‌లోని లాక్టేషన్ కన్సల్టెంట్‌నో, సోషల్ వర్కర్‌నో డిశ్చార్జికి ముందే పట్టుకోండి. వాళ్లు రోజూ చేసే పని ఇది. పంపు చేతికొచ్చాకే ఇంటికి బయల్దేరండి. ఈ అద్దె పంపు తీసుకుంటే మీ సొంత పంపు హక్కు పోతుందా అన్నది కూడా ప్లాన్‌ని అడగండి, ఒక్కో ప్లాన్‌ది ఒక్కో పద్ధతి.

లాక్టేషన్ కన్సల్టెంట్ సలహా కూడా పంపుతో పాటు అదే చట్టం కింద ఉచితం. నెట్‌వర్క్‌లో అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే, బయటివారి దగ్గరికి వెళ్లినా మీకు ఖర్చు లేకుండా కవర్ చేయాలని నేను పైన చెప్పిన 2015 వివరణలోనే ఉంది. ముందు ఫోన్ చేసి, "నెట్‌వర్క్‌లో ఎవరున్నారో పేరు చెప్పండి" అని అడగండి. చెప్పలేకపోతే ఆ సంగతి రిఫరెన్స్ నంబరుతో సహా రాసుకోండి.

తిరస్కరిస్తే

ముందు కారణం చదవండి. చాలాసార్లు అప్పీల్ దాకా వెళ్లక్కర్లేదు. పేరు తప్పు, తేదీ తప్పు, డయాగ్నసిస్ కోడ్ తప్పు అయితే సప్లయర్‌కి ఫోన్ చేసి సరిచేసి మళ్లీ పంపమంటే పోతుంది. డిడక్టబుల్ వేశారంటే ప్రివెంటివ్‌గా కాక మామూలు ఎక్విప్‌మెంట్‌గా లెక్కకట్టారని అర్థం. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి "ప్రివెంటివ్ కింద రీప్రాసెస్ చేయండి" అనండి.

అప్పటికీ కాదంటే రాతపూర్వకంగా అప్పీల్ చేయండి. తిరస్కరణ తెలిసిన రోజు నుంచి 180 రోజుల గడువు ఉంటుంది. పంపు ఇంకా తీసుకోకముందు చేసే అప్పీల్‌కి వాళ్లు సాధారణంగా 30 రోజుల్లో, తీసేసుకున్నాక చేసే అప్పీల్‌కి 60 రోజుల్లో జవాబివ్వాలి. ఉత్తరం పొడుగ్గా ఉండనక్కర్లేదు. మెంబర్ ఐడీ, క్లెయిమ్ నంబరు, పంపు కోడ్. ఫలానా తేదీన ఫలానావారు ఫోన్‌లో కవర్ అవుతుందన్నారు, రిఫరెన్స్ నంబరు ఇది. పబ్లిక్ హెల్త్ సర్వీస్ యాక్ట్ సెక్షన్ 2713 ప్రకారం, హెచ్‌ఆర్‌ఎస్‌ఏ మహిళల ప్రివెంటివ్ సర్వీసుల మార్గదర్శకాల ప్రకారం ఇది ఖర్చు లేకుండా ఇవ్వాల్సినది. వెనక ప్రిస్క్రిప్షన్, ఈఓబీ కాపీలు. అంతే. కోపం, బాధ రాయకండి, చదివేవాళ్లకి అవి అక్కర్లేదు.

అదీ తిరస్కరిస్తే, వైద్యపరమైన నిర్ణయం ఇమిడి ఉన్న కేసుల్లో బయటి సమీక్ష కోరవచ్చు, నాలుగు నెలల్లోపు. ఫిర్యాదు చేయాలంటే మీరు మొదటి మెట్టులో హెచ్‌ఆర్‌ని అడిగి పెట్టుకున్న జవాబు ఇప్పుడు పనికొస్తుంది. ఫుల్లీ ఇన్సూర్డ్ అయితే మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్. ప్రైవేటు కంపెనీ సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అయితే కేంద్ర లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని ఈబీఎస్‌ఏ, ఫోన్ 1-866-444-3272. అక్కడ మనుషులే ఎత్తుతారు, సలహాకి డబ్బు తీసుకోరు. సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌లో హెచ్‌ఆర్ బెనిఫిట్స్ వాళ్లకి ఒక మెయిల్ పెట్టడం కూడా బాగా పనిచేస్తుంది. ఎందుకంటే చివరికి డబ్బు వాళ్లదే, చట్టం తప్పితే తలనొప్పీ వాళ్లదే.

ప్లాన్‌లోనే లేకపోతే

స్టూడెంట్ కుటుంబాలు, ఆదాయం తక్కువున్నవాళ్లు విక్ (తల్లులకు, చిన్నపిల్లలకు పోషకాహారం ఇచ్చే ప్రభుత్వ పథకం) కార్యాలయానికి వెళ్లండి. పాలిచ్చే తల్లులకు అవసరాన్నిబట్టి పంపు ఇస్తారు. ఆదాయ పరిమితి ఉంటుంది, వీసా స్థితి మాత్రం సాధారణంగా అర్హతకి అడ్డు కాదు. మెడికెయిడ్‌లో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌లో) ఉన్నవాళ్లకి రాష్ట్రాన్నిబట్టి మారుతుంది, ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. డెలివరీ అయిన హాస్పిటల్‌లో అద్దెకి దొరుకుతుందేమో కూడా అడగండి.

ఉద్యోగానికి తిరిగి వెళ్లేవాళ్లకి ఇంకొకటి. 2022 డిసెంబరు 29న సంతకమైన పంప్ యాక్ట్ ప్రకారం, బిడ్డ పుట్టిన ఏడాది వరకు పాలు తీసుకోవడానికి విరామం, బాత్రూమ్ కాని ఒక చాటైన గది చాలామంది ఉద్యోగులకు ఇవ్వాలి. లీవు అయ్యే రెండు వారాల ముందే మేనేజరుకి మెయిల్ పెట్టండి.

ఇక చివరి దారి ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకని పన్ను లేకుండా డబ్బు పక్కన పెట్టుకునే ఖాతాలు). బ్రెస్ట్ పంపులు, వాటి సామగ్రి వైద్య ఖర్చు కిందికే వస్తాయని ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ) 2011 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. అప్‌గ్రేడ్‌కి కట్టిన డబ్బు, విడిగా కొన్న ఫ్లాంజ్‌లు కూడా అందులో పెట్టుకోవచ్చు. ఇన్సూరెన్స్ ఇచ్చిన మొత్తాన్ని మాత్రం మళ్లీ ఇక్కడ అడగకూడదు.

మా 2018 బిల్లు గట్టెక్కింది ఈ దారిలోనే. మావారికి ఆ ఏడాది ఎఫ్‌ఎస్‌ఏలో డబ్బు మిగిలి ఉంది. ఫిబ్రవరిలో గుర్తొచ్చి వెతికితే షాపు రసీదు తెల్లకాగితమైపోయింది, థర్మల్ పేపరు కదా, అక్షరం కనబడితే ఒట్టు. ఇన్సూరెన్స్‌కి పంపేటప్పుడు ఫోన్‌లో తీసిన ఫొటో దొరికింది. ఆ ఫొటో, తిరస్కరించిన ఉత్తరం కలిపి పెడితే పది రోజుల్లో డబ్బు పడింది. రసీదులకి ఫొటో తీసి పెట్టుకోండి.